సాయంత్రం ఆటలు పెడితే కుర్రాళ్లు గంజాయికి దూరమవుతారా? గ్రౌండు నడిపినవాడి సమాధానం

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, చదివే మిగతావాళ్లకూ సంగతి తెలియాలి కదా. అనకాపల్లి వైపు ఒక మండల కేంద్రంలో మీరు యూత్ అసోసియేషన్ కార్యదర్శి. ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్నవాళ్లు, పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలు కొందరు చీకటి పడ్డాక చెరువు గట్టు మీద చేరి గంజాయి తాగుతున్నారు. చందాలూ, ఒక దాత ఇచ్చిందీ కలిపి మీ దగ్గర 2 లక్షలున్నాయి. సంక్రాంతికి పెద్ద క్రికెట్ టోర్నమెంట్ పెడదామని సగం మంది, రోజూ సాయంత్రం ఆటలు పెడదామని సగం మంది. అసలు ఆటలతో ఈ పని అవుతుందా, అయితే ఎలా మొదలుపెట్టాలి, బోర్డు మీద ఏం రాయించాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరైనవాణ్ణి. విశాఖలో ఒక కార్మికుల కాలనీలో సాయంత్రం వాలీబాల్, కబడ్డీ బ్యాచ్‌లు ఏళ్ల తరబడి చూస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టోర్నమెంట్ వద్దు, రోజూ ఆట పెట్టండి. అయితే ఆటే పిల్లల్ని మారుస్తుందని నమ్మి దిగకండి. ఈ రోజు రాని కుర్రాడి గురించి ఈ రాత్రే ఆరా తీసే పెద్దమనిషి ఒకడు గ్రౌండులో ఉంటే పని అవుతుంది. బంతి, నెట్టు, లైట్లు అన్నీ ఆ మనిషి రోజూ అక్కడ నిలబడడానికి ఒక సాకు. ఆ మనిషి దొరకకపోతే డబ్బు దాతకు తిరిగి ఇచ్చేయడం మేలు.

టోర్నమెంట్ ఎందుకు వద్దంటున్నానో మీకూ తెలుసు. మన ఊళ్ల టోర్నమెంట్లలో ఆడేది ఎవరు? ఇప్పటికే బాగా ఆడేవాళ్లు. ఎంట్రీ ఫీజు కట్టగలిగిన జట్లు, పక్క మండలం నుంచి డబ్బిచ్చి తెచ్చుకున్న బౌలర్లు. గట్టు మీద కూర్చునే కుర్రాడు ఆ నాలుగు రోజులూ గట్టు మీదే కూర్చుని చూస్తాడు. పైగా మైకు, డీజే, మ్యాచ్‌కి ఇంత అని పందాలు, ఫైనల్ రాత్రి గెలిచిన జట్టుకీ ఓడిన జట్టుకీ ‘పార్టీ’. కప్పు ఇచ్చేటప్పుడు వెనక ‘మత్తు వద్దు’ అని ఫ్లెక్సీ ఉంటుంది, ఆ ఫ్లెక్సీ వెనకే సీసాల కేసు దిగుతుంది. ఇది నేను వెటకారానికి అనడం లేదు, చాలాచోట్ల చూశాను. ఐదో రోజు నుంచి గ్రౌండు మళ్లీ ఖాళీ.

జనవరి 26కో, జూన్ 26 మాదకద్రవ్య వ్యతిరేక దినానికో చేసే పరుగులూ అంతే. ఫొటో బాగుంటుంది. మర్నాడు సాయంత్రం ఏడింటికి ఆ కుర్రాడు ఎక్కడున్నాడన్నది మనకి కావలసిన సంగతి.

కాబట్టి మొదట చూడాల్సింది గడియారం. కార్పొరేట్ కాలేజీ పిల్లలు స్టడీ అవర్లలో ఇరుక్కుని ఉంటారు, వాళ్ల సమస్యలు వేరు. మీరు చెప్పిన పిల్లలకి సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఏ దిక్కూ లేదు. ఇంట్లో ఉంటే ‘ఏం చేస్తున్నావురా’ అని తిడతారు, బజారులో నిలబడితే పోలీసులు పొమ్మంటారు, మిగిలింది గట్టు. మెకానిక్ షెడ్డుల్లో, వెల్డింగు షాపుల్లో, డెలివరీల్లో పనిచేసే కుర్రాళ్లు ఏడున్నర దాటితే గానీ ఖాళీ అవరు. మీరు ఐదింటికి మొదలుపెట్టి ఆరింటికి నెట్టు విప్పేస్తే, వచ్చేది ఎలాగూ గంజాయి జోలికి పోని పిల్లలే. వాళ్లూ ఆడాల్సిందే, కాదనను. కానీ మీరు చందా అడిగింది ఆ పని పేరు చెప్పి కాదు కదా.

ఈ గడియారం సంగతి అమెరికాలో ఒకాయన బాగా పట్టుకున్నాడు. మేరీలాండ్ రాష్ట్రంలో గ్లెనార్డెన్ అనే చిన్న పట్టణం. అక్కడి టౌన్ మేనేజర్ స్టాండిఫర్ 1986లో రాత్రి బాస్కెట్‌బాల్ లీగ్ మొదలుపెట్టాడు. రాత్రి 10 నుంచి 2 గంటల దాకా ఆట. 17 నుంచి 21 ఏళ్ల కుర్రాళ్లకి. ఆ ఊళ్లో గొడవలూ, మత్తు వ్యాపారమూ జరిగేది ఆ వేళల్లోనే కాబట్టి ఆట కూడా అప్పుడే పెట్టాడు. ఇంకో షరతు కూడా ఉంది. ఉద్యోగం, చదువు, మత్తు, ఆరోగ్యం మీద క్లాసులు పెట్టేవారు. క్లాసుకి రానివాడికి మ్యాచ్ లేదు. తర్వాత ఇది దేశమంతా పాకింది, 1994లో నేరాల బిల్లు మీద వాళ్ల పార్లమెంటులో రచ్చ అయినప్పుడు ‘ప్రజల డబ్బుతో బంతాటలా’ అని ఎగతాళి కూడా చేశారు. ఆ లీగులు ఎంత నేరం తగ్గించాయన్న దాని మీద పండితుల మధ్య ఇప్పటికీ వాదన ఉంది. మనం తీసుకోవాల్సింది మాత్రం తేలికైనదే. చెడు ఏ వేళకి జరుగుతుందో ఆ వేళకే ఆట పెట్టాలి.

ఆటలు, మత్తు అనగానే అందరూ చెప్పే రెండో ఉదాహరణ ఐస్‌లాండ్. అక్కడ 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గత నెల రోజుల్లో ఒక్కసారైనా తాగి మత్తెక్కామన్నారు. 2016కి అది 5 శాతం. గంజాయి ఎప్పుడైనా తాగినవాళ్లు 17 నుంచి 7 శాతానికి, రోజూ సిగరెట్ కాల్చేవాళ్లు 23 నుంచి 3 శాతానికి పడిపోయారు. ‘చూశారా, ఆటలు పెట్టారు, తగ్గిపోయింది’ అని మన సభల్లో చెప్పేస్తుంటారు. ఆటలు పెట్టిన మాట నిజం. వారానికి నాలుగుసార్లు, అంతకన్నా ఎక్కువ ఆడే పిల్లలు 1997 నుంచి 2012 మధ్య 24 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. రాజధాని రెక్యావిక్‌లో ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 35,000 క్రోనాల కార్డు ఇచ్చారు, దాంతో ఆటో సంగీతమో నేర్చుకోవచ్చు. అయితే దాంతో పాటు 13 నుంచి 16 ఏళ్లవాళ్లు చలికాలంలో రాత్రి 10 తర్వాత, వేసవిలో అర్ధరాత్రి తర్వాత ఒంటరిగా బయట తిరగకూడదని చట్టం తెచ్చారు. 18 నిండనివాళ్లకి పొగాకు, 20 నిండనివాళ్లకి మద్యం అమ్మకూడదన్నారు. స్కూలు స్కూలుకీ తల్లిదండ్రుల సంఘాలు పెట్టారు. ఏటా పిల్లల్ని అడిగి లెక్కలు తీసి, ఏ పేటలో ఏముందో ఆ పేటవాళ్లకే చూపించారు. మామూలు రోజుల్లో తల్లిదండ్రులతో తరచూ గడుపుతున్నామని చెప్పిన పిల్లలు 23 శాతం నుంచి 46 శాతానికి, అంటే రెట్టింపయ్యారు. ఇవన్నీ వదిలేసి ఒక్క ఆటనే ఎత్తుకొచ్చి మన ఊళ్లో పెడితే ఐస్‌లాండ్ అవదు.

ఇంకో చేదు నిజం. ఆటలు ఆడే కుర్రాళ్లలో సిగరెట్టు, గంజాయి లాంటివి తక్కువగా కనబడుతున్నా, తాగుడు మాత్రం ఆడనివాళ్లకన్నా ఎక్కువగానే ఉందని పలు దేశాల్లో చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. జట్టు అంటే స్నేహం, స్నేహమంటే గెలిచిన రోజు సీసా. మన దగ్గర ఇది మరీ మామూలు. ఇప్పుడు కొత్తగా జిమ్‌ల బెడద ఒకటి. కండ కోసం స్టెరాయిడ్లు, ఎక్కువసేపు బరువులెత్తడానికి బీపీ పడిపోయిన రోగులకు ఇచ్చే మెఫెంటర్‌మిన్ ఇంజక్షన్లు. గంజాయి మానిపిద్దామని జిమ్ము సామాను కొని పెడితే, సిరంజి అలవాటయ్యే ప్రమాదం ఉంది. ఆ 2 లక్షలు డంబెల్స్ మీద పెట్టకండి. ఎవరూ చూడని గదిలో ఒక్కడే ఉండి చేసేది ఈ పనికి పనికిరాదు.

మరి ఏ ఆట? మీవాళ్లంతా క్రికెట్ అంటారు, నాకు తెలుసు. క్రికెట్‌కి జాగా ఎక్కువ, రాత్రిపూట బంతి కనబడాలంటే లైట్ల ఖర్చు ఎక్కువ. అన్నిటికన్నా పెద్ద చిక్కేమిటంటే అందులో ఒక కుర్రాడు గంటసేపు బౌండరీ దగ్గర ఊరికే నిలబడొచ్చు. చేతిలో ఫోను, పక్కన స్నేహితుడు, కాస్త చీకటి. ఇక చెప్పేదేముంది. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. హైస్కూలు గ్రౌండులో ఒక మూల చాలు. ఆరుగురికి ఆరుగురు, ఎవరి చోటు వాళ్లది, రొటేషన్‌లో అందరికీ సర్వీసు వస్తుంది, దాక్కోవడానికి వీల్లేదు. కబడ్డీకి ఇంకా తక్కువ జాగా, ఇంకా తక్కువ ఖర్చు. మట్టి మెత్తగా తవ్వి, జల్లెడ పట్టి, తడిపి పెడితే కోర్టు. చెప్పులు లేని కుర్రాడికీ చెప్పులున్న కుర్రాడికీ అక్కడ తేడా లేదు. పనిచేసే పిల్లలు షూ లేక సిగ్గుపడి రారు, ఈ సంగతి కమిటీల్లో ఎవరికీ తట్టదు.

మన ఉత్తరాంధ్రకి సాయంత్రం కసరత్తు కొత్త కాదు. కర్రసాము, కసరత్తు నేర్పే తాలింఖానాలు మన ఊళ్లలో ఉన్నవే. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ చూడండి. చిన్న ఊరు, వెయిట్ లిఫ్టింగుకి పేరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోవడంతో మన అమ్మాయిది రజతం అయింది. మీ పిల్లలకి మత్తు గురించి ఉపన్యాసం ఇవ్వడం కంటే ఈ కథ చెప్పండి, వింటారు. బరువులెత్తడాన్ని ఇందాక వద్దన్నాను, ఇక్కడ మెచ్చుకుంటున్నాను అనకండి. అక్కడ నేర్పే గురువుంటాడు, ఊరంతా చూస్తుంటుంది.

ఇక డబ్బు. మీ 2 లక్షలకి నా లెక్క ఇలా ఉంటుంది. 200 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు నాలుగు, పోల్సు, వైరింగు కలిపి 35,000 దాకా. నెట్లు, బంతులు, కబడ్డీ కోర్టు మట్టి పని, ఫస్ట్ ఎయిడ్ పెట్టెకి 15,000. నేర్పేవాడికి నెలకి 8,000 చొప్పున ఏడాదికి 96,000. వారానికి మూడు రోజులు ఆట అయ్యాక తలా ఒక ఉడికించిన గుడ్డు, ముప్పై మందికి వేసుకుంటే ఏడాదికి 33,000 చుట్టుపక్కల. మిగిలింది కరెంటుకీ, విరిగినవాటికీ. కరెంటుకి భయపడకండి. నాలుగు లైట్లు మూడు గంటలు వెలిగితే రోజుకి రెండున్నర యూనిట్లు కూడా కాదు, నెలంతా వెలిగినా డెబ్బై రెండు దాటదు. స్కూలు మీటరు నుంచి తీసుకుంటే సబ్ మీటరు పెట్టించి ఆ బిల్లు మీరే కట్టండి. హెచ్‌ఎం గారితో పేచీలన్నీ అక్కడే మొదలవుతాయి. గ్రౌండుకి అనుమతి నోటి మాటగా తీసుకోవద్దు. హెచ్‌ఎం, స్కూలు కమిటీ సంతకాలతో కాగితం ఉండాలి. ఏ వేళకి తాళం ఎవరు తీస్తారు, ఎవరు వేస్తారు, బాత్రూములు ఎవరు కడుగుతారు, అన్నీ అందులో రాయండి. హెచ్‌ఎం బదిలీ అయిన రోజున ఆ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది. జిల్లా క్రీడాభివృద్ధి అధికారి ఆఫీసులో కూడా ఒక అర్జీ ఇచ్చి ఉంచండి, సామాను రావచ్చు, రాకపోవచ్చు.

గుడ్డు విషయంలో నవ్వకండి. ఆట అయ్యాక పిల్లల్ని పదిహేను నిమిషాలు కూర్చోబెట్టగలిగేది అదే. మాటలు ఆ పదిహేను నిమిషాల్లోనే వస్తాయి. ఎవడింట్లో గొడవ, ఎవడికి సప్లిమెంటరీ ఫీజు కట్టలేదు, ఎవడు ఈ మధ్య ఎవరి బండి మీద తిరుగుతున్నాడు, అన్నీ గుడ్డు వొలుస్తూ చెప్తారు. నగదు బహుమతులు పెట్టకండి. గుట్కా, పాన్ మసాలా, వైన్ షాపు ఓనర్ల దగ్గర చందా తీసుకోకండి, ఎంతిచ్చినా సరే.

నేర్పేవాడిగా ఎవరిని పెట్టాలి? జిల్లాకి ఆడిన స్టార్ ప్లేయర్ కావాలనుకోకండి. అలాంటివాళ్లు బాగా ఆడే ఎనిమిది మందిని పట్టుకుని మిగతావాళ్లని వదిలేస్తారు. పాతికేళ్ల పైబడి, ఊళ్లోనే ఉంటూ, పొద్దున ఏదో పని చేసుకుంటూ, సాయంత్రం తాగని మనిషి కావాలి. ఈ చివరి షరతుతో మీ జాబితా సగానికి పైగా తగ్గిపోతుంది, తగ్గనీయండి. ఆయన కాక పెద్దవాళ్లు ఇద్దరు వంతులవారీగా గ్రౌండులో ఉండాలి. ఒక్క మనిషి చేతిలో పిల్లల్ని పెట్టి వదిలేయకూడదు, పిల్లల భద్రత కోసమూ, ఆ మనిషి పరువు కోసమూ.

ఎంపికలు పెట్టకండి. ‘సెలెక్షన్’ అన్న మాట వినబడితే గట్టు మీది కుర్రాడు ఇక రాడు, స్కూల్లో ఇప్పటికే ఫెయిలై వచ్చాడు. వచ్చిన ప్రతివాడికీ ఆట ఉండాలి, ఆడనివాడికి పని ఉండాలి. మా దగ్గరికి ఒక మెకానిక్ షెడ్డు కుర్రాడు వచ్చేవాడు. వచ్చేవాడంటే కోర్టు పక్క గోడ మీద కూర్చునేవాడు. జీన్స్ ప్యాంటు, గోళ్లలో గ్రీజు, కళ్లు ఎర్రగా. ఆడమంటే తల అడ్డంగా ఊపేవాడు. కొన్ని రోజులు చూసి స్కోరు పలకా సుద్దముక్కా చేతిలో పెట్టాను. ఆశ్చర్యం ఏమిటంటే రొటేషన్ తప్పితే మా అందరికన్నా ముందు వాడే పట్టేవాడు. ‘సార్, నాలుగో నంబరు ముందుకొచ్చేశాడు’ అని అరిచేవాడు. సీనియర్లు వాడి మాట వినక తప్పేది కాదు. ఒక సాయంత్రం రాలేదు. ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తి, ఓనరు జీతం పట్టుకున్నాడని గొడవపడి వెళ్లిపోయాడు సారూ అంది. ఎక్కడుంటాడో తెలుసు కాబట్టి వెళ్లాను. గంజాయి మాట ఎత్తలేదు. ‘రేపు రెండు మ్యాచ్‌లున్నాయి, పలక ఎవరు పట్టుకుంటార్రా?’ అని అడిగి వచ్చేశాను. మర్నాడు వచ్చాడు. పూర్తిగా మానేశాడా అంటే, వెంటనే కాదు. రోజూ తాగేవాడు, తర్వాత ఎప్పుడో ఒకసారి అయింది, ఆ తర్వాత షెడ్డు మారాడు, సావాసమూ మారింది. ఈ పనిలో జరిగేది ఇలాగే జరుగుతుంది. సినిమాలో లాగా ఒక ఫైనల్ మ్యాచ్‌తో తేలిపోదు.

అందుకే హాజరు పుస్తకం పెట్టమంటున్నాను. పేరు, ఇంటి ఫోన్ నంబరు, వచ్చాడా లేదా. వరసగా రెండు రోజులు రాకపోతే ఒక ఫోను, మూడో రోజు ఇంటికి. తిట్టడానికి కాదు, అడగడానికి. వాట్సాప్ గ్రూపులో ‘ఎందుకు రాలేదు’ అని పదిమంది ముందు అడిగితే వాడు గ్రూపులోంచీ వెళ్లిపోతాడు, గ్రౌండులోంచీ వెళ్లిపోతాడు.

ఇప్పటికే తాగుతున్నవాళ్లని రానివ్వాలా అని మీ కమిటీలో తప్పకుండా వాదన వస్తుంది. మంచి పిల్లలు చెడిపోతారంటారు. భయం అబద్ధం కాదు. తాగేవాళ్లందరినీ ఒకచోట చేర్చి వాళ్లకి మాత్రమే ఆట పెడితే నిజంగానే ఒకరిని చూసి ఒకరు చెడతారు. కలిపి ఆడించాలి, తాగనివాళ్లే ఎక్కువ ఉండాలి, తాగేవాళ్లంతా ఒకే జట్టులో ఉండకూడదు. నిబంధన ఒకటే పెట్టండి. గ్రౌండులోకి ఏదీ తేకూడదు, మత్తులో రాకూడదు. మత్తులో వస్తే ఆ రోజుకి ఎవరైనా తోడుగా ఇంటికి పంపండి, రేపు రమ్మనండి. అమ్మేవాడి విషయంలో మాత్రం ఈ ఔదార్యం వద్దు.

రోజూ తాగేవాడు మానితే మొదటి వారం చాలా కష్టంగా ఉంటుంది. నేర్పేవాడికి ఇది తెలిసి ఉండాలి. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఊరికే కోపం. ఒకటి రెండు రోజుల్లో మొదలై మొదటి వారంలో బాగా ముదిరి, చాలామందికి రెండు వారాల్లో సర్దుకుంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కోర్టులో ఒక లైన్ కాల్ మీద వాడు ఎవడి కాలరో పట్టుకుంటాడు. తెలియనివాడు ‘రౌడీ వెధవ’ అని బయటికి గెంటేస్తాడు. తెలిసినవాడు వాడి చేత కోర్టు చుట్టూ రౌండ్లు కొట్టిస్తాడు. ఒళ్లు అలిసేలా ఆడితే ఆ రాత్రి నిద్ర పట్టే అవకాశం పెరుగుతుంది, దానికి ఆట నిజంగా పనికొస్తుంది. అయితే గాలిలో మాటలు వినబడుతున్నాయన్నా, ఎవరో వెంటపడుతున్నారని భయపడుతున్నా, చచ్చిపోతానని అన్నా అది ఆటతో పోయేది కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి. మీకు దగ్గర్లో వాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మత్తు మానడానికి సలహా కావాలంటే 14446, మనసు బాగోలేదంటే టెలీ మానస్ 14416. రెండూ గ్రౌండు గోడ మీద పెయింట్ చేయించండి.

గంజాయి ఒక్కటే చూడకండి. ఎయిమ్స్ ఆధ్వర్యంలో దేశమంతా చేసి 2019లో విడుదల చేసిన సర్వేలో పెద్దవాళ్లకన్నా 10 నుంచి 17 ఏళ్ల పిల్లలే ఎక్కువగా వాడుతున్న మత్తు ఒకే ఒకటి తేలింది, అది పీల్చే మత్తు. పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. పంక్చర్ సొల్యూషను, వైట్‌నర్, థిన్నర్. పది రూపాయలకి దొరికేది. చిన్న బ్యాచ్‌లో ఎవడి చొక్కా దగ్గరైనా ఆ వాసన వస్తే, మూతి చుట్టూ పుళ్లు కనబడితే గమనించండి.

మీ ప్రాంతానికి ఇంకో ప్రమాదం ఉంది, గుంటూరు వాళ్లకో నెల్లూరు వాళ్లకో ఇంత ఉండదు. మీరు దారిలో ఉన్నారు. 2021, 22లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికినా, ఒడిశా సరిహద్దు నుంచి సరుకు దిగడం ఆగలేదు. దాన్ని మోయడానికి కావలసింది మీ గ్రౌండు పిల్లల వయసువాళ్లే. ‘బండి మీద ఒక బ్యాగు దింపి రా, ఐదు వేలు’ అంటారు. తాగని కుర్రాడు కూడా పడిపోయేది ఇక్కడే. వాళ్లకి చట్టం ఏమిటో లెక్కల్లో చెప్పండి. కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు. కిలో దాటితే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే పదేళ్లకి తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా, బెయిల్ రావడమే గగనం. అలాగే తల్లిదండ్రులకి ఇంకోటి చెప్పండి. వాడినందుకో, కొద్ది మోతాదు దగ్గరున్నందుకో కేసైన కుర్రాడు తనంతట తానుగా చికిత్సకి వెళ్లి పూర్తి చేస్తే, మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షను కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. కేసవుతుందన్న భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లని ఇళ్లు చాలా ఉన్నాయి.

అమ్మేవాళ్ల సమాచారం 1972కి ఇవ్వండి, మత్తుమందుల్ని అరికట్టే రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం నంబరు అది. కానీ ఫోన్ చేసేది కమిటీ పెద్ద కావాలి, పిల్లలు కాదు, నేర్పేవాడు అసలే కాదు. గ్రౌండులో ఎవరో ఇన్‌ఫార్మర్ ఉన్నాడన్న పుకారు పుడితే మర్నాటికి సగం మంది మాయం. ఎస్సై గారు ప్రారంభోత్సవానికి వస్తానంటే రమ్మనండి, దండ వేయండి. రోజూ యూనిఫాంలో వచ్చి నిలబడొద్దని మర్యాదగా చెప్పండి. వాలీబాల్ ఆడే కానిస్టేబుల్ ఒకడు నిక్కరు వేసుకుని వచ్చి ఆడితే మాత్రం బంగారం.

అమ్మాయిల ఆట సంగతి మీరు అడగలేదు గానీ అడగాల్సింది. వాళ్లకి ఐదు నుంచి ఆరుంపావు దాకా వేరే బ్యాచ్, ఒక టీచరమ్మో తల్లులో గ్రౌండులో ఉండేలా. అన్నలూ తమ్ముళ్లూ ఏం చేస్తున్నారో మీకు మొదట చెప్పేది వాళ్లే. ఆరున్నర నుంచి స్కూలు, కాలేజీ కుర్రాళ్లు, ఏడూ ముప్పావు నుంచి తొమ్మిదింపావు దాకా పనిచేసే కుర్రాళ్లు. వారానికి ఐదు రోజులు చాలు గానీ శనివారం సెలవు ఇవ్వకండి. జీతాలు చేతికొచ్చేది, జేబు బరువుగా ఉండేది ఆ రోజే.

ఫలితం ఉందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? ‘మీలో ఎంతమంది మానేశారు’ అని అడిగితే అందరూ చేతులెత్తుతారు. కప్పులు లెక్కపెట్టకండి. మూడు నెలల కిందట పేరు రాయించుకున్నవాళ్లలో ఇప్పటికీ వారానికి మూడు రోజులు వస్తున్నవాళ్లు ఎంతమంది, చివరి బ్యాచ్‌లో పనిచేసే కుర్రాళ్లు ఎంతమంది, గట్టు మీద ఏడున్నరకి ఎంతమంది కనబడుతున్నారు, ఇవి చూడండి. చివరిది చూడడానికి ఎవరినీ అడగక్కర్లేదు, బండి మీద అటు ఒక రౌండు వేస్తే తెలుస్తుంది. గట్టు ఖాళీ అయి రైల్వే ట్రాక్ పక్కన చేరారా అన్నది కూడా చూసుకోవాలి.

మొదలుపెట్టేది జనవరిలో కాదు. సంక్రాంతి మత్తు దిగేసరికి పరీక్షలొస్తాయి, పిల్లలు ఉండరు. ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో మొదలుపెట్టండి. తప్పినవాడు ఇంట్లో మొహం చూపించలేక బయట తిరిగేది ఆ రోజుల్లోనే, జూన్‌లో స్కూళ్లు తెరిచేదాకా గ్రౌండు కూడా మీదే. ఈలోగా లైట్లు, కాగితాలు, మనిషి, ఈ మూడూ సిద్ధం చేసుకోండి. వానాకాలంలో ఏం చేస్తారో కూడా ఇప్పుడే ఆలోచించండి. కల్యాణ మండపమో, స్కూలు వరండానో ఉంటే క్యారమ్స్, చెస్ అయినా సరే, తాళం మాత్రం అదే వేళకి తీయాలి. రెండు వారాలు మూతపడితే మళ్లీ మొదటికొస్తుంది.

బోర్డు విషయం. ‘డ్రగ్స్ రహిత యువత’, ‘గంజాయిపై సమరం’ లాంటివి ఏవీ వద్దు. ఆ మాట రాసిన రోజున అది గంజాయి పిల్లల గ్రౌండు అవుతుంది. మంచి ఇంటివాళ్లు పిల్లల్ని పంపరు, అవసరమైనవాడు సిగ్గుతో రాడు. ‘వాలీబాల్, కబడ్డీ. రోజూ సాయంత్రం. ఎవరైనా రావచ్చు. ఫీజు లేదు’ అని రాయించండి, కింద వేళలు. ఫోన్ నంబరు మీదే వేయండి తమ్ముడూ, గౌరవాధ్యక్షుల వారిది వేయకండి, ఆయన రాత్రి ఎనిమిది దాటాక ఎత్తరు.